10 వేలలో రైడింగ్ జాకెట్: మెష్ (వల బట్ట) మంచిదా, టెక్స్‌టైల్ (నిండు బట్ట) మంచిదా? లేబుల్‌లో ఏం చూడాలి?

బెజవాడ_350:

అందరికీ నమస్కారం. రోజూ విజయవాడ నుంచి గుంటూరు, పోను రాను దాదాపు 70 కిలోమీటర్లు, ఎక్కువ భాగం హైవే. బండి 350 సీసీ, వేగం 70-80 దాటదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రీశైలం, అరకు వైపు. ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లౌజులు ఉన్నాయి. జాకెట్ ఇప్పుడు కొనాలి. బడ్జెట్ 10 వేలు, పెట్టినందుకు పని ఉంటే ఇంకో రెండు వేలు ఎక్కువైనా పర్లేదు.

ప్రతి జాకెట్ మీదా "సీఈ" (యూరప్ ప్రమాణాలకి సరిపోతుందని తెలిపే గుర్తు) అని రాసి ఉంటోంది, కానీ ధరలు 4 వేల నుంచి 20 వేల దాకా ఉన్నాయి. తేడా ఎక్కడ? లెవెల్ 1, లెవెల్ 2 అంటే ఏమిటి? మే నెలలో కూడా వేసుకోగలిగేది కావాలి. వానాకాలానికి విడిగా ఇంకొకటి కొనాలా?

కుట్టు_చూసి_కొను:

షాపులో "సీఈ సర్టిఫైడ్ సార్" అనగానే ఒక్క మాట అడగండి. సర్టిఫికెట్ జాకెట్‌కా, లోపలి ప్యాడ్లకా? మీరు చూసిన ధరల తేడాలో సగం ఇక్కడే ఉంది. నాలుగైదు వేల జాకెట్లలో చాలావాటికి సీఈ గుర్తు ఉండేది ప్యాడ్ల మీదే. బట్టకి, కుట్టుకి ఏ పరీక్షా జరిగి ఉండదు. కిందపడి జారేటప్పుడు కుట్టు విడిపోతే ప్యాడ్ ఎంత మంచిదైనా రోడ్డు మీదే ఉండిపోతుంది.

జాకెట్ మొత్తానికి వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 17092, 2020లో వచ్చింది. లోపలి జేబు దగ్గరో, పక్క కుట్టులోనో తెల్ల లేబుల్ కుట్టి ఉంటుంది. దాని మీద బండి నడిపే మనిషి బొమ్మ, పక్కనో కిందో ఈ నంబరు, తర్వాత తరగతి అక్షరం ఉండాలి. ట్రిపుల్ ఏ (AAA) అన్నిటికన్నా గట్టిది, తర్వాత డబుల్ ఏ (AA), తర్వాత సింగిల్ ఏ (A). బీ అంటే రాపిడికి సింగిల్ ఏ తరగతి అంతే తట్టుకుంటుంది కానీ ప్యాడ్లు ఉండవు. సీ అంటే ప్యాడ్లని పట్టి ఉంచే వల చొక్కా, అంతే. దాన్ని ఒంటరిగా వేసుకుని బండెక్కకూడదు.

పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే అక్షరాల విలువ అర్థమవుతుంది. బట్ట ముక్కని గిర్రున తిరిగే చేతికి బిగించి కాంక్రీటు పలక మీదికి వదులుతారు. అది జారి ఆగేలోపు చిల్లు పడకూడదు. భుజం, మోచెయ్యి లాంటి చోట్ల బట్టకి సింగిల్ ఏ తరగతిలో గంటకి 45 కిలోమీటర్లకి సమానమైన వేగం, డబుల్ ఏలో 70, ట్రిపుల్ ఏలో 120. మిగతా చోట్ల ఇంకా తక్కువ. సింగిల్ ఏ తరగతిలో చంక కింద, చేతి లోపలి వైపు లాంటి భాగాలకి రాపిడి పరీక్షే అడగరు. మెష్ జాకెట్లు ఎక్కువగా సింగిల్ ఏ తరగతిలోనే తేలేది అందుకే.

మీ వేగానికి లెక్క వేసి చూడండి. రోడ్డుకీ బట్టకీ రాపిడి గుణకం 0.7 అనుకుంటే 60లో పడ్డ మనిషి దాదాపు 20 మీటర్లు జారతాడు. 80లో అయితే 36 మీటర్లు. వేగం మూడో వంతు పెరిగితే జారే దూరం దాదాపు రెట్టింపవుతోంది. రోజూ హైవే మీద 80లో వెళ్లేవాళ్లు డబుల్ ఏ దొరికితే అదే తీసుకోవాలి, ఇది నా గట్టి అభిప్రాయం.

లేబుల్ లేని జాకెట్టే నచ్చితే లోపలి వైపు తిప్పి చూడండి. భుజం మీద, మోచేతి వెంట కుట్టు కనీసం రెండు వరుసలు ఉండాలి, అందులో ఒకటి బయటికి కనిపించకుండా లోపల మడతలో ఉండాలి. బయటి దారం అరిగిపోయినా లోపలిది పట్టుకునేది అప్పుడే. కుట్టుకి రెండు వైపులా బొటనవేళ్లతో పట్టి గట్టిగా లాగండి. సందులో దారం బారలు తీరి కనిపిస్తే పక్కన పెట్టేయండి. 600 డీనియర్ పాలిస్టర్ అని పెద్దక్షరాలతో రాస్తారు. డీనియర్ అంటే 9,000 మీటర్ల నూలు బరువు గ్రాములలో, అంటే దారం మందమే తప్ప గట్టిదనం కాదు. 500 డీనియర్ కార్డ్యూరా నైలాన్, 600 డీనియర్ మామూలు పాలిస్టర్ కన్నా రాపిడికి బాగా ఆగుతుంది.

ప్యాడ్_పరిశీలన:

పై మాటలన్నీ నిజం. ప్యాడ్ల సంగతి నేను చెప్తాను.

భుజం, మోచేతి ప్యాడ్లకి ఈఎన్ 1621-1. 5 కిలోల దిమ్మెని మీటరు ఎత్తు నుంచి వదిలితే ఎంత దెబ్బో అంత దెబ్బ, లెక్కలో 50 జౌల్స్. ప్యాడ్ దాటి అవతలికి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే లెవెల్ 1, 20 మించకపోతే లెవెల్ 2. వెన్ను ప్యాడ్‌కి వేరే ప్రమాణం, ఈఎన్ 1621-2. అక్కడ లెవెల్ 1 హద్దు 18, లెవెల్ 2 హద్దు 9. రెంటికీ మధ్య సగం తేడా.

ప్యాడ్‌ని జేబులోంచి బయటికి తీసి చూడండి, సిగ్గుపడక్కర్లేదు. దాని మీదే అచ్చు పోసి ఉంటుంది. బండి మనిషి బొమ్మ, భుజానికి ఎస్ (S), మోచేతికి ఈ (E), పక్కన ఏ (A) లేదా బీ (B), తర్వాత 1 లేదా 2. ఇక్కడి ఏ, బీలు పైన చెప్పిన జాకెట్ తరగతులు కావు, ప్యాడ్ సైజు. టైప్ బీ ఎక్కువ మేర కప్పుతుంది, మోచేతి కింద ముంజేతి దాకా వస్తుంది. వీలైతే బీ తీసుకోండి.

మన ఎండలకి ముఖ్యమైన గుర్తు ఇంకొకటుంది, టీ (T) అక్షరం పక్కన ప్లస్ గుర్తు. 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్ష నెగ్గిందని దానర్థం. మెత్తగా ఉండి దెబ్బ తగలగానే గట్టిపడే రకం ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి. డీ3ఓ, సాస్‌టెక్, నాక్స్ లాంటి బ్రాండ్ పేర్లు చూసి సరిపెట్టుకోకుండా ఆ ప్లస్ గుర్తు ఉందో లేదో వెతకండి. టీ పక్కన మైనస్ అయితే సున్నాకి 10 డిగ్రీలు కింద పరీక్ష. లంబసింగి చలికి కూడా మనకది అక్కర్లేదు.

ఇక వెన్ను. చాలా జాకెట్లలో వెన్ను జేబులో ఉండేది ఉత్త స్పాంజి. దాని మీద ఏ అచ్చూ ఉండదు, రెండు వేళ్ల మధ్య నొక్కితే అప్పడంలా అణిగిపోతుంది. జేబు ఆకారం నిలబడటానికి పెట్టింది అది, వెన్నుని కాపాడటానికి కాదు. మీ అదనపు రెండు వేలు ఇక్కడ పెట్టండి. జేబు పొడవు, వెడల్పు టేపుతో కొలిచి దానికి సరిపడే లెవెల్ 2 ప్యాడ్ విడిగా కొనండి. ఎఫ్‌బీ అని ఉంటే వెన్నంతా కప్పేది, సీబీ అంటే నడిమి భాగం వరకే. జేబు చిన్నదైతే ప్యాడ్‌ని కత్తిరించి దూర్చకండి, కోసిన ప్యాడ్‌కి ఆ పరీక్ష వర్తించదు.

కోస్తా_ఎండ:

మెష్ సంగతి. పైన డబుల్ ఏ అన్నారు, సూత్రప్రాయంగా కాదనను. కానీ మేలో విజయవాడ మధ్యాహ్నం 42 ఉన్నప్పుడు గాలి ఆడని టెక్స్‌టైల్ వేసుకుంటే రెండో వారానికి అది మేకుకి వేలాడుతుంది. రోజూ ఒంటి మీద ఉండే సింగిల్ ఏ తరగతి మెష్, మేకు మీద ఉండే డబుల్ ఏ కన్నా మేలు. అందుకే రోజువారీకి మెష్ అంటాను. అయితే ఏ మెష్ అన్నదే అసలు ప్రశ్న.

వల ఎక్కడుందో చూడండి. ఛాతీ, వీపు, చేతుల లోపలి వైపు వల ఉండొచ్చు. భుజం పైన, భుజం వెనక, మోచేతి బయటి వైపు, ముంజేతి అంచు, ఈ నాలుగు చోట్లా నిండు బట్ట ఉండాలి, వీలైతే రెండు పొరలు. మణికట్టు నుంచి భుజం దాకా ఏకవలగా ఉన్నది ఎంత చల్లగా ఉన్నా వద్దు. వల కళ్లలో అగ్గిపుల్ల తల దూరేంత ఉంటే రోడ్డు గరుకు దాన్ని పట్టి చింపేస్తుంది. కళ్లు చిన్నవిగా, నూలు లావుగా ఉన్న వల చూడండి.

వేడికి ఇంకో మాట. గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఎంత గాలి తగిలినా అది చల్లబరచదు, చెమట ఆరితేనే చల్లదనం. లోపల పొడుగు చేతుల పల్చటి డ్రైఫిట్ టీషర్టు తడిపి, పిండి వేసుకోండి. మెష్ గాలికి అరగంట హాయిగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో, విశాఖ వైపు వెళ్లినప్పుడు, ఈ చిట్కా అంతగా పనిచేయదు. రంగు లేత బూడిద తీసుకోండి. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు నలుపుకీ దానికీ తేడా భుజాల మీద తెలుస్తుంది, రాత్రి లారీ వాళ్లకీ కనబడతారు.

బ్యాగు వీపుకి తగిలించుకుంటే వెనక వలంతా మూసుకుపోతుంది. పైగా ల్యాప్‌టాప్, లంచ్ బాక్స్ అంచు సరిగ్గా వెన్ను మీదుంటాయి. రోజూ వెళ్లేవాళ్లు టెయిల్ బ్యాగు (బండి వెనక సీటు మీద కట్టేది) కట్టుకోవడం మంచిది.

కుట్టు_చూసి_కొను:

కోస్తా_ఎండ గారితో ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. సింగిల్ ఏ తరగతి మెష్ తీసుకుంటే వేగం 80ని 60కి దించాలి. లెక్క పైనే ఉంది.

సైజు గురించి ఎవరూ చెప్పలేదు, నేనే చెప్తాను. ఆన్‌లైన్‌లో ఛాతీ కొలత చూసి కొనేసి, తర్వాత మోచేతి ప్యాడ్ పక్కకి జారుతోందనే ఫిర్యాదులే ఎక్కువ. షాపుకి వెళ్లి, లోపల టీషర్టు మీద వేసుకుని, జిప్పు, నడుము పట్టీలు, చేతి పట్టీలు అన్నీ బిగించండి. హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాచండి, బండి మీద కూర్చోనిస్తే ఇంకా మంచిది. ఇప్పుడు రెండో చేత్తో మోచేతి ప్యాడ్‌ని గుప్పిట పట్టి అటూ ఇటూ తిప్పండి. ఒక వేలు వెడల్పు కదిలితే సరే. మోచేతి ఎముక ప్యాడ్ అంచు దాటి బయటికి వచ్చిందంటే కిందపడ్డప్పుడూ అలాగే వస్తుంది, అప్పుడు లెవెల్ 2 అయినా ఒకటే. చెయ్యి చాచినప్పుడు మణికట్టు, గ్లౌజుకీ చేతి అంచుకీ మధ్య కనబడకూడదు. నడుం దగ్గర జాకెట్ పైకి లేవకూడదు, వెనకవైపు ప్యాంటుకి తగిలించే జిప్పు ఉంటే వాడండి.

బరువు తగ్గుతాననో, చలికాలంలో లోపల స్వెట్టర్ పడుతుందనో ఒక సైజు పెద్దది కొనకండి. వదులు జాకెట్‌లో ప్యాడ్లు ఉండాల్సిన చోట ఉండవు. రెండు సైజుల మధ్య ఊగుతుంటే చిన్నదే తీసుకోండి, ఊపిరి ఆడినంత వరకు.

బెజవాడ_350:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ థాంక్స్. ఇంకో రెండు. వాన సంగతి మిగిలింది. మా ఆవిడ కూడా అప్పుడప్పుడు వెనక కూర్చుంటుంది, తనకి నా సైజులోనే చిన్నది తీసుకుంటే సరిపోతుందా?

ప్యాడ్_పరిశీలన:

సరిపోదు అన్నా. మగవాళ్ల జాకెట్‌లో భుజాలు వెడల్పు, చేతులు పొడుగు. చిన్న సైజు తీసుకున్నా భుజం ప్యాడ్ జబ్బ మీదికి, మోచేతి ప్యాడ్ ముంజేతి మీదికి దిగిపోతాయి. ఆడవాళ్ల కొలతలతో కుట్టినదే చూడండి, మన దేశంలో తయారయ్యే బ్రాండ్లలోనూ వస్తున్నాయి. పరీక్ష అదే, మోచేతి ప్యాడ్ తిప్పి చూడటమే. వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి చెయ్యి వెనక్కి పెడతారు, ఆ భంగిమలో కూడా చూడాలి. చున్నీ ఉంటే జాకెట్ లోపల దోపి జిప్పు వేయాలి, బయట ఒక్క కొస కూడా వేలాడకూడదు. చెయిన్‌లోనో చక్రంలోనో చుట్టుకుంటే జాకెట్ ఏమీ చేయలేదు. చీర కొంగు కూడా అంతే.

కోస్తా_ఎండ:

వానకి విడిగా జాకెట్ వద్దు. మెష్ పైనే వేసుకునే రెయిన్ జాకెట్ కొనండి, జాకెట్ సైజు కన్నా ఒకటి రెండు పెద్దది, వెలుగు పట్టే పచ్చటి రంగు. జాకెట్‌తో లోపల ఇచ్చే రెయిన్ లైనర్ మీద ఆధారపడకండి. లైనర్ లోపల ఉంటుంది కాబట్టి మీరు తడవరు సరే, బయటి జాకెట్ మొత్తం నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, గాలికి ఒళ్లు చల్లబడుతుంది, మర్నాటికీ ఆరదు. పైగా వాన మొదలయ్యాక రోడ్డు పక్కన జాకెట్ విప్పి లోపల లైనర్ తగిలించాలి, ఆలోపే తడిసిపోతారు. ఆ లైనర్‌ని అరకు చలికి గాలి ఆపే పొరగా వాడుకోండి, దానికి చక్కగా పనికొస్తుంది.

ఉతికేటప్పుడు ప్యాడ్లు అన్నీ తీసేయండి, ఏది ఏ వైపుదో ముందే ఫోటో తీసుకోండి. జిప్పులు, వెల్క్రో పట్టీలు అన్నీ మూసేయాలి, లేకపోతే వెల్క్రో ముళ్లు వలని పీకి దారాలు లేపుతాయి. చన్నీళ్లు, కొంచెం లిక్విడ్ సోపు, చేత్తోనే. పిండకుండా నీళ్లు కారనిచ్చి నీడలో ఆరేయండి. ప్యాడ్లని తడిగుడ్డతో తుడిస్తే చాలు, ఎండలో పెట్టకూడదు. తిరిగి పెట్టేటప్పుడు మోచేతి ప్యాడ్ గుంట ఎముక వైపు ఉండాలి.