అకేడియన్ ఇంటిపేరు సంఘం కోట్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఆ నక్షత్రం, ఓడ ఏమిటి?

మాంక్టన్_వాసు:
మా ఇంటి ఓనరు అకేడియన్ పెద్దాయన, అంటే ఒకప్పుడు ఈ కెనడా తూర్పుతీరంలో స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ళ సంతతి. హాల్లో వాళ్ళ ఇంటిపేరు సంఘం కోట్ ఆఫ్ ఆర్మ్స్ (డాలు బొమ్మతో ఉండే చిహ్నం) ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. నీలం డాలు, పైన పసుపు నక్షత్రం, మధ్యలో ఓడ, కింద ఏదో మట్టికట్ట. సింహాలూ కత్తులూ లేవు. అడిగితే హుషారుగా మొదలెట్టి ఫ్రెంచిలోకి వెళ్ళిపోయారు, నాకు సగం అందలేదు. వీళ్ళు ఒకప్పటి జమీందారులా? ఆగస్టు 15న భోజనానికి పిలిచారు, ఈలోపు కాస్త తెలుసుకుందామని.

హాలిఫాక్స్_రాధ:
జమీందారులేంటండీ, చాలామంది రైతులే. కట్టతోనే మొదలెడతా, నాకు అదే ఇష్టం. ఇక్కడి ఫండీ అఖాతంలో పోటు కొన్నిచోట్ల 16 మీటర్ల దాకా లేస్తుంది. వీళ్ళు అడవి నరకడం మానేసి, ఆ ఉప్పు బురదకే కట్టలు పోశారు. కట్ట అడుగున చెక్కతూము, దాని పేరు అబ్వాతో. మన కరకట్ట తూములాంటిదే, కాకపోతే తలుపు తనంతట తానే పడుతుంది: పాటులో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, వాననీరు బయటికి తోస్తుంది, పోటు రాగానే సముద్రాన్ని ఆపేస్తుంది. రెండుమూడేళ్ళ వానలకి ఉప్పు కడిగేశాక గోధుమ పండేది. డాలు మీద ఎక్కాల్సింది అదే, నన్నడిగితే.

నక్షత్రం మేరీమాతది, సముద్రతార. 1884లో మిస్కూష్ అనే ఊళ్ళో జరిగిన అకేడియన్ల సభలో మార్సెల్ ఫ్రాంస్వా రిషార్ అనే ఫాదర్ ఫ్రెంచి మూడురంగుల జెండా నీలం పట్టీలో దాన్ని పెట్టించారు, అదే అకేడియన్ల జెండా. ఆగస్టు 15 కూడా మేరీమాత పండగే. 1881లో మెమ్రామ్‌కుక్‌లో దాన్ని అకేడియన్ల జాతీయ దినంగా ఎంచుకున్నారు, మీకు దగ్గరే ఆ ఊరు.

ఓడ సంగతి మాత్రం ఆయన్నే అడగండి. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఓడ కావచ్చు, 1755లో ఇంగ్లీషువాళ్ళు వీళ్ళని ఎక్కించి దేశం నుంచి పంపేసిన ఓడ కావచ్చు. ఆ సెప్టెంబరు 5న గ్రాన్‌ప్రే అనే అకేడియన్ ఊరి చర్చిలో 418 మంది మగవాళ్ళనీ మగపిల్లలనీ కూర్చోబెట్టి, మీ భూములూ గొడ్లూ ఇక ఇంగ్లండు రాజువని చదివి వినిపించారు. కట్టలు కట్టిన పొలాల్లోకి తర్వాత వేరేవాళ్ళు దిగారు.

లఫాయెట్_కిరణ్:
మూడో ఓడ కూడా ఉందక్కా. అలా పంపేశాక ఫ్రాన్సు చేరిన అకేడియన్లు దాదాపు 1,600 మంది 1785లో ఏడు ఓడల్లో మా లూసియానాకి (అమెరికా) వచ్చారు. అప్పుడిది స్పెయిన్ చేతిలో ఉంది, అందుకే 1965లో చేసిన ఇక్కడి అకేడియన్ల జెండాలో నక్షత్రం పక్కనే స్పెయిన్ బురుజు కూడా ఉంటుంది.

వైజాగ్_సత్తిబాబు:
ఇంటిపేరు కొడితే కోట్ ఆఫ్ ఆర్మ్స్ వచ్చే సైట్లు ఉన్నాయిగా, ఇదీ అదే బాపతా?

హాలిఫాక్స్_రాధ:
ఆ సైట్లవి ఉత్త వ్యాపారం, సత్తిబాబు గారూ. ఇంటిపేరుకి కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉండదు, మనిషికో సంస్థకో ఇస్తారు. కెనడాలో 1988 నుంచి దానికి ప్రభుత్వ కార్యాలయమే ఉంది. సంఘం పేర అక్కడ ఇప్పించుకుంటే అసలుదే, సొంతంగా గీయించుకుంటే లోగో. 1994లో మీ మాంక్టన్ వైపు జరిగిన అకేడియన్ ప్రపంచ మహాసభల్లో ఇంటిపేర్లవారీగా వేలమంది కలుసుకున్నారు. ఓనరుగారిది ఆ తర్వాతిదై ఉండొచ్చని నా అనుమానం, ఫ్రేము వెనక తేదీ చూడండి.

మాంక్టన్_వాసు:
చూస్తా. భోజనానికి ఏం పట్టుకెళ్ళను?

హాలిఫాక్స్_రాధ:
ఓ గిన్నె, గరిటె. వెటకారం కాదు. 1955లో బహిష్కరణకి 200 ఏళ్ళు నిండినప్పటి నుంచీ ఇదో ఆచారం, టింటమార్ అంటారు. వీధిలోకొచ్చి గిన్నెలు వాయిస్తారు. స్టీలువి తీసుకెళ్ళండి, బాగా మోగుతాయి.