సమస్యాపూరణం: కొత్తకార్డు పెట్టఁ గుంటె నాట

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం.

"కొత్తకార్డు పెట్టఁ గుంటె నాట"

ఐదూ సూర్యగణాలే, కొ–గు లకు యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో పొందిక). కార్డంటే గ్రాఫిక్స్ కార్డు, ఆటంటే పీసీ గేము. కొత్తది కొని పెట్టాక ఆట కుంటడమేమిటన్న విరోధానికి పరిహారం డ్రైవరులోనో (కార్డును నడిపే సాఫ్ట్‌వేరు) గేమ్ ఇంజనులోనో (ఆటకు పునాదిగా ఉండే సాఫ్ట్‌వేరు) చూపాలి. డ్రైవరు, ఇంజను, షేడరు (తెరపై బొమ్మకు రంగు, వెలుగు దిద్దే చిన్న ప్రోగ్రాము) మూడూ భగణాలై ఇంద్రగణాల చోట చక్కగా ఇముడుతాయి కనుక డ్రైవరుకు బదులు "చోదకము" వంటి మాటల కోసం తడుముకోనక్కరలేదు. కరెంటు తీగ సరిగా బిగించనందువల్ల కుంటిందన్న పూరణ ఒకటి అప్పుడే అందింది. అది కార్డు దోషం కాదు, బిగించినవారి దోషం, స్వీకరించలేదు.

పాతబోర్డు:

పాత యాట మాట పన్నెండు నుడిలోకి
మార్చి మార్చి పలుక మందగించి,
యనువదించు డ్రైవ రాయాసపడినంత
కొత్తకార్డు పెట్టఁ గుంటె నాట

2022 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ కార్డులను మనసులో పెట్టుకొని రాశాను. డైరెక్ట్ఎక్స్ 9 (ఆట కార్డుకు ఆదేశాలిచ్చే భాష వంటిది) నాటి ఆటలను ఆ డ్రైవరు నేరుగా నడపక, వాటి ఆదేశాలను డైరెక్ట్ఎక్స్ 12లోకి తర్జుమా చేసి నడిపేది. అందుచేత కొత్త ఆటలలో దూసుకుపోయిన కార్డు పదిహేనేళ్ల నాటి ఆటలలో చతికిలబడింది.

గణపాఠి:

మూడవ పాదంలో "య"కు "రా"తో యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు:

చెల్లుతుంది. డ్రైవరు + ఆయాస అని విడదీస్తే అ–ఆ లకు స్వరయతి. నాకు తగిలిన దోషం వేరు. "పన్నెండు నుడి" అంటే పన్నెండు భాషలని అర్థం వస్తుంది; మీరు చెప్పదలచినది పన్నెండవ భాష. "పన్నెండవ నుడికి" అనండి. తగణం వెంట నలము వచ్చి పాదం నిలబడుతుంది, అర్థమూ తేటపడుతుంది. విషయం మాత్రం సమస్యకు అచ్చంగా అతికింది. ఇంటెల్ 2022 డిసెంబరులో డ్రైవరును మార్చగానే అవే ఆటలు అదే కార్డుపై లేచి నడిచాయి. కొన్నిటికి ఆదేశాలను డైరెక్ట్ఎక్స్ వంటి మరో భాషైన వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే అనే సాఫ్ట్‌వేరు తోడ్పడింది. అదీ తర్జుమాయే, కాని ఈసారి తర్జుమా చేసేవాడికి రెండు భాషలూ బాగా వచ్చు.

పదహారుమిల్లీ:

షేడరులను గూర్చు చిక్కులోఁ బడినట్టి
యింజ నాగి యాగి యెదురుచూడ,
ఫ్రేము ఫ్రేము నడుమ రెప్పపా టడ్డమై
కొత్తకార్డు పెట్టఁ గుంటె నాట

పాతబోర్డు:

ఫ్రేముకూ ఫ్రేముకూ నడుమ రెప్పపాటు అడ్డుపడటం ఎంత చక్కని మాటండీ! సెకనుకు అరవై ఫ్రేములు రావాలంటే ఒక్కొక్కదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లు; రెప్పపాటుకు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. సగటు ఫ్రేముల లెక్కలో ఈ కుంటు కనబడదు గాని కంటికి మాత్రం గుచ్చుకుంటుంది.

గణపాఠి:

ఫ్రే–రె సంయుక్తయతి బాగున్నది. అయితే ఈ చిక్కు పాతకార్డుతో మాత్రం లేదా? "కొత్తకార్డు" అన్న మాటకు పద్యంలో పనేమిటో తెలియడం లేదు.

పదహారుమిల్లీ:

నిజమే, చెప్పవలసినది పద్యం బయటే ఉండిపోయింది. ఆటతో పాటు వచ్చే షేడర్లు మధ్యస్థ రూపంలో ఉంటాయి. వాటిని ఫలానా కార్డుకు అర్థమయ్యే యంత్రభాషలోకి దించేది డ్రైవరు. ఒకసారి దించినదాన్ని డిస్కులో దాచుకుంటుంది. కార్డు మారితే, చాలాసార్లు డ్రైవరు కొత్తదైనా సరే, ఆ దాపుడు చెల్లక మొదటినుండి మళ్లీ దించుకోవాలి. అందరికీ ఒకే రకం చిప్పు ఉండే చేతి గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్‌కు సిద్ధంచేసిన షేడర్లను దాని తయారీదారు వాల్వ్ ముందుగానే పంపగలుగుతున్నది. పీసీలో ఎవరి కార్డు వారిది. సవరించిన పూరణ:

దాఁచినట్టివన్ని తప్పిపోవుటఁ జేసి
షేడరులను మరలఁ జేర్చవలసి,
ఫ్రేము ఫ్రేము నడుమ రెప్పపా టడ్డమై
కొత్తకార్డు పెట్టఁ గుంటె నాట

నిర్వాహకుడు:

ఇప్పుడు విరోధం పూర్తిగా తీరింది. "కూర్చ" అనవలసిన చోట యతి కోసం "చేర్చ" వచ్చింది, పరవాలేదు. ఇంజను జారిపోయిందే అన్నది నా బెంగ.

ఒంటికోరు:

పనులఁ బంచిపెట్టి పరుగెత్తు సత్తువ
ప్రాసెసరుకు లేక పాట్లు పడఁగ,
ఒక్క కోరు మీద డ్రైవరు కూర్చుండ
కొత్తకార్డు పెట్టఁ గుంటె నాట

గణపాఠి:

మూడవ పాదంలో ఒ–డ్రై యతి తప్పింది. "ఒక్క కోరుపైన నొరిగి డ్రైవరు నిల్వ" అంటే ఒ–ఒ కుదురుతుంది. కూర్చోవడం కన్న ఒరగడంలోనే బరువు ఎక్కువ.

పాతబోర్డు:

యతి సరే, అర్థంలో నాకు పేచీ ఉంది. ప్రాసెసరు చాలకపోతే కొత్తకార్డు వేగం పెరగకుండా ఆగుతుంది గాని, పాతదానికన్న తగ్గదు. పెరగకపోవడాన్ని కుంటడమనగలమా?

ఒంటికోరు:

డ్రైవర్లన్నీ ప్రాసెసరుపై ఒకే బరువు వేస్తే మీరన్నది నిజం. అలా వేయవు. 2024 డిసెంబరులో వచ్చిన ఆర్క్ బీ580 కార్డు పాత ప్రాసెసర్లతో జతపడినప్పుడు కొన్ని ఆటలలో బాగా వెనుకబడుతున్నదని మరుసటి నెలలోనే పరీక్షకులు చూపారు. తయారీదారు మారితే డ్రైవరు బరువూ మారుతుంది. పాతకార్డు డ్రైవరు తేలికైనదైతే కొత్తది నిజంగానే కుంటవచ్చు.

నిర్వాహకుడు:

ఒప్పుకొంటాను. డైరెక్ట్ఎక్స్ 11 వరకు ఆదేశాలను సరిచూసి పేర్చే పనిలో పెద్దభాగం డ్రైవరుదే. అది ఎక్కువగా ప్రాసెసరులోని ఒక కోరు (లెక్కలు చేసే భాగం) పైనే జరిగేది. 2015లో విండోస్ 10తో వచ్చిన డైరెక్ట్ఎక్స్ 12, 2016 ఫిబ్రవరిలో వచ్చిన వల్కన్ ఆ పనిని పలు కోర్లకు పంచే వీలిచ్చి, బాధ్యతను ఇంజను నెత్తిన పెట్టాయి. డ్రైవరు తప్పుకొంటే ఇంజను తెలివిగలదై ఉండాలి. ఎవరూ ఇంజనును పద్యానికి ఎక్కించలేదు కనుక నా పూరణ:

ముందె వండఁదగిన ముడిసరుకంతయుఁ
బంక్తి వేళ వండు పనికి దిగిన
యింజ నట్టి దెంచ నే కార్డు నిలుచును?
కొత్తకార్డు పెట్టఁ గుంటె నాట

ఒంటికోరు:

విస్తళ్లు వేశాక పొయ్యి వెలిగించినట్టన్నమాట! కాని ఇంజనును ఎంచుకొనేవారు ఇవన్నీ చూస్తారా? 2023 సెప్టెంబరులో యూనిటీ ఇంజను సంస్థ రన్‌టైమ్ రుసుము (ఆట ఇన్‌స్టాల్‌ల లెక్కన కట్టవలసినది) ప్రకటించినప్పుడు చాలామంది ఉచిత ఇంజనైన గోడో వైపు చూసినది ఖర్చుకు జడిసి గాని, షేడర్లను తలచి కాదు.

నిర్వాహకుడు:

ఆ రుసుమును ఏడాదికి యూనిటీయే రద్దు చేసుకొన్నది. కుంటు మాత్రం అలా ప్రకటనతో రద్దయ్యేది కాదు. షేడర్ల వంటను దానంతట అదే ముందుగా ముగించడానికి అన్‌రియల్ ఇంజను 5.1 నుండి ప్రయత్నం మొదలైంది. 2025 మార్చిలో వచ్చిన గోడో 4.4లో, అసలు షేడరు సిద్ధమయ్యేదాకా అన్నిటికీ పనికివచ్చే పెద్ద షేడరుతో నెట్టుకురావడం చేర్చారు. అంటే కూర ఉడికేలోగా విస్తట్లో పచ్చడి వడ్డించడం. ఆ పచ్చడిని ఎవరైనా పద్యంలోకి తెస్తే ఆదివారం దాకా స్వీకరిస్తాను.