తానే ఒంపుకొని తానే తాగడం: ఈ చైనా పలుకుబడిని తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న (దేవరకొండ నుంచి)
నేను తెలుగు చేస్తున్న ఒక చైనా కథలో, భార్య పోయిన ముసలాయన సాయంత్రం కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు ‘జి జెన్ జి యిన్’ అనే నాలుగక్షరాల పలుకుబడి వస్తుంది. ‘ఒంటరిగా తాగుతూ కూర్చున్నాడు’ అని రాశాను. చిత్తుప్రతి చదివిన మా అన్నయ్య, ఆయన తాగుడుకు బానిసైనట్టుందన్నారు. మూలంలో అంత దిగులు ఉన్నదా?

జవాబు (మహబూబ్‌నగర్, చైనా భాష నేర్చుకున్న పాఠకురాలు)
ఆ మాటలో దిగులు లేదండీ. ‘జి’ అంటే స్వయంగా, ‘జెన్’ అంటే గిన్నెలోకి ఒంపడం, ‘యిన్’ అంటే తాగడం. ‘ఒంటరి’ అనే అక్షరమే అందులో లేదు. చైనావారి విందులో పక్కవారి గిన్నె నింపడం మర్యాద కనుక, తన గిన్నె తానే నింపుకున్నాడంటే పోసేవారు దగ్గర లేరని చదువరికే తెలిసిపోతుంది. నిమ్మళంగా, తీరికగా కూర్చున్న మనిషికీ దీన్ని వాడతారు, తోడు కరువైన మనిషికీ వాడతారు. ఏదైనదీ చుట్టూ ఉన్న వాక్యాలను బట్టి తెలుస్తుంది. బాధ దిగమింగుతూ తాగడానికి ‘హ మెన్ జ్యు’ అని వేరే మాట ఉన్నది. చైనా కవి లీ బై (701–762) వెన్నెల కవితలోని ‘దు జువో’ మాత్రం ఒంటరి అని బాహాటంగానే చెబుతుంది. అయినా అందులో కవి చంద్రుణ్ణి పిలిచి, తన నీడనూ కలుపుకొని ముగ్గురమయ్యామంటాడు.

జవాబు (మునుగోడు నుంచి)
బరువంతా ఒంపడం మీదే ఉన్నదన్న మాట, కల్లు మండువలో (కల్లు అమ్మే చోట) పెరిగిన నాకు వెంటనే పట్టింది. తాటాకు రేకను మడిచి రెండు చేతులా నోటి దగ్గర పట్టుకున్న మనిషికి లొట్టి (కల్లు కుండ) వంచే చెయ్యి మిగలదు, ఎదుటివారు పోయవలసిందే. మా నాయన రేక అంచునే చూస్తూ, నురుగు పొర్లకముందే లొట్టి పైకెత్తేవాడు. నాయన పోయిన తర్వాత మా తాత మండువకు రావడం మానేసి, ఇంట్లోనే స్టీలు గ్లాసులో ఒంపుకొని తాగేవాడు. ఆయన తాగుబోతు కాడు, ఒక్క గ్లాసుతో సరిపెట్టేవాడు. అందుకే ‘తానే ఒంపుకొని తానే తాగుతున్నాడు’ అని రాయండి, ‘ఒంటరి’ అనే మాట వద్దు.

ప్రశ్న అడిగినవారు
అలాగే మార్చాను. మూలంలో బల్ల మీద రెండో గిన్నె బోర్లించి ఉన్నదన్న వాక్యాన్ని అనవసరమనుకొని వదిలేశాను. దాన్ని మళ్ళీ చేర్చాను.