జేసన్ (డేటాని అక్షరాల్లో రాసే పద్ధతి) తీసేసి ప్రోటోబఫ్ (కుదించిన బైనరీ పద్ధతి) పెడితే సిమ్ డేటా ఎంత తగ్గుతుంది?

పంపుసెట్టు:
మోటారు కంట్రోలర్ల నుంచి 5 సెకన్లకోసారి ఒక రీడింగ్ సర్వర్‌కి వెళ్తుంది. మెసేజ్‌లు పంపే ప్రోటోకాల్ ఎంక్యూటీటీ 3.1.1, క్యూఓఎస్ 1 (ప్రతి మెసేజ్‌కీ అందినట్టు జవాబు వస్తుంది), గుప్తీకరణకి టీఎల్‌ఎస్ 1.2 (ఏఈఎస్-జీసీఎం). జేసన్‌లో డివైస్ ఐడీ, టైమ్‌స్టాంప్, టెంపరేచర్, వోల్టేజ్ కలిపి 95 బైట్లు. టాపిక్ (మెసేజ్ వెళ్లే చిరునామా) పేరు 24 బైట్లు. ఈ లెక్కన పేలోడ్ (అసలు డేటా) నెలకు సుమారు 49 ఎంబీయే, కానీ 150 ఎంబీ ప్లాన్ నెల తిరక్కముందే అయిపోతోంది. మిగతాదంతా ఎక్కడికి పోతోంది? జీజిప్ కుదింపు సరిపోతుందా, ప్రోటోబఫ్‌కి మారాలా?

ప్యాకెట్_లెక్క:
ఒక్క మెసేజ్‌ని విప్పి చూడండి. పేలోడ్ 95, ఎంక్యూటీటీ హెడర్ 2, టాపిక్ పొడవుకి 2, టాపిక్ 24, ప్యాకెట్ ఐడీ 2: మొత్తం 125. టీఎల్‌ఎస్ రికార్డుకి 29, టీసీపీ-ఐపీ (నెట్ రవాణా) హెడర్లకి కనీసం 40 కలిపితే 194. సర్వర్ నుంచి వచ్చే పబ్‌యాక్ (మెసేజ్ అందినట్టు జవాబు) 4 బైట్లే, పైతొడుగులతో అదీ 73 అవుతుంది. దానికి మీ డివైస్ ఇచ్చే టీసీపీ యాక్ (ప్యాకెట్ అందినట్టు గుర్తు) ఇంకో 40. వెరసి 307. రోజుకి 17,280 మెసేజ్‌లు, నెలకు సుమారు 159 ఎంబీ.

ఐడీ టాపిక్‌లో ఉంది కాబట్టి పేలోడ్‌లోంచి తీసేయండి. అప్పుడు ప్రోటోబఫ్ 11 బైట్లు: టైమ్‌స్టాంప్ ఫిక్స్‌డ్32గా (సంఖ్యకి 4, ఫీల్డ్ గుర్తుకి 1) 5, పదితో హెచ్చించిన టెంపరేచర్ 3, వోల్టేజ్ 3. పేలోడ్ 88 శాతం తగ్గినా వైరు మీద 307 కాస్తా 223 అవుతుంది, అంతే. నెలకు ఇంకా 116 ఎంబీ. జీజిప్ జోలికి పోకండి, దాని హెడర్, ట్రైలర్లకే 18 బైట్లు పోతాయి. ఇంత చిన్న మెసేజ్‌లో మిగిలేదేమీ ఉండదు.

బైటుబైటు:
అసలు ఆదా మూట కట్టి పంపడంలో ఉంది. నిమిషానికి 12 రీడింగులు ఒకే మెసేజ్‌లో పెడితే ఒక్కోటి 13 బైట్లు (11కి తోడు ఫీల్డ్ గుర్తు, పొడవుకి 2), పేలోడ్ 156. హెడర్లు, యాక్‌లన్నీ కలిపి 369 బైట్లు, అంటే రీడింగుకి 31. నెలకు 16 ఎంబీ. నిజం చెప్పాలంటే జేసన్ ఉంచుకుని మూట కట్టినా, ఒక్కో రీడింగుకి ప్రోటోబఫ్ పంపేదానికంటే లాభమే.

మూటలో ఉన్నవి కరెంటు పోతే పోతాయి కాబట్టి ముందు ఫ్లాష్ మెమరీలో రాసుకోండి. ట్రిప్ అలారం మాత్రం మూటలో ఆగకూడదు, వెంటనే విడిగా వెళ్లాలి. కనెక్షన్ ప్రతిసారీ తెంచి కలిపితే టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (కలిసినప్పుడు జరిగే తొలి పరిచయం) సర్టిఫికెట్లతో కలిపి కొన్ని కేబీలు లాగేస్తుంది, ఈ ఆదా అంతా దానికే పోతుంది.

పంపుసెట్టు:
అలారం టెక్స్ట్ తెలుగులోనే పంపుతున్నాం, పైథాన్‌తో. దానికీ ఏమైనా చెయ్యాలా?

ప్యాకెట్_లెక్క:
తప్పకుండా. ‘మోటారు ఆగింది’ యూటీఎఫ్-8లో 37 బైట్లు. పైథాన్‌లోని జేసన్ డంప్స్ (json.dumps) ఫంక్షన్ మామూలుగా ఒక్కో తెలుగు గుర్తునూ ఆరు ఆస్కీ అక్షరాలుగా మార్చి 73 చేస్తుంది. అందులో ఎన్ష్యూర్ ఆస్కీ (ensure_ascii) సెట్టింగ్‌ని ఫాల్స్ చెయ్యండి. ఇంకా మేలైన దారి, అలారం నంబరు ఒక్కటే పంపి తెలుగు మాట యాప్‌లో చూపించడం.

ప్రోటో3లో (ప్రోటోబఫ్ వెర్షన్) విలువ సున్నా అయితే ఆ ఫీల్డ్ అసలు వెళ్లదు. వోల్టేజ్ 0 అంటే కరెంటు లేదనా, సెన్సర్ చదవలేదనా? ఆ ఫీల్డ్‌ని ఆప్షనల్ అని రాస్తేనే తేడా తెలుస్తుంది. టెంపరేచర్‌కి ఎస్ఇంట్32 (మైనస్ విలువలకి అనువైన సంఖ్య రకం) వాడండి, ఇంట్32లో మైనస్ విలువకి 10 బైట్లు పడతాయి.