కొత్తింటికి సోలార్ హీటరా, గీజరా? వచ్చే వారం గోడలు కొడతారు, తొందరగా చెప్పండి

ఒంగోలు_కొత్తిల్లు:
ఒంగోలులో జీ ప్లస్ వన్ కడుతున్నాం. శ్లాబులు అయిపోయాయి, వచ్చే వారం ప్లంబర్ బాత్రూముల్లో గోడలు కొట్టి పైపులు వేస్తాడు. కింద అమ్మానాన్న, పైన మేం ముగ్గురం. మేస్త్రీ సోలార్ హీటర్ పెట్టించుకోమంటున్నాడు. మా బావమరిదేమో మన ఎండలకి అది దండగ, మామూలు గీజర్లు చాలంటాడు. 200 లీటర్ల సోలార్‌కి పైపులతో కలిపి 42 వేలు చెప్పారు. వాడుకకి బోరు నీళ్ళే, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులూ సున్నం అన్నీ కలిపి) 1400. టైల్స్ పడ్డాక మళ్ళీ పగలగొట్టించే ఓపిక లేదు. మీ ఇళ్ళలో ఏం పెట్టారో, ఎలా ఉందో చెప్పండి.

వేదాయపాలెం_నెల్లూరు:
అన్నా, ముందు లెక్క చూడు. చలికాలం పొద్దున ట్యాంకు నీళ్ళు 24 డిగ్రీలు ఉన్నాయనుకో. 18 లీటర్ల బకెట్‌ని 40కి తేవడానికి మూడో వంతు యూనిట్ చాలు. ఐదుగురికి రోజూ తలా ఒక బకెట్, గీజర్ ఊరికే పోగొట్టుకునే వేడి కూడా కలిపితే రెండు యూనిట్లు. మనకి వేడినీళ్ళు కావాల్సింది కార్తీకం నుంచి శివరాత్రి దాకా, నాలుగు నెలలు. మొత్తం 240 యూనిట్లు. యూనిట్‌కి ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఏడాదికి రెండు వేలు దాటదు. 42 వేలు ఎప్పటికి తిరిగొస్తాయి?

ఇంకో మాట. మనకి వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూడనప్పుడే కదా వేన్నీళ్ళు కావాలనిపించేది! అప్పుడు సోలార్ ట్యాంకులోనూ కరెంటు కాయిలే వేయాలి. రోహిణి కార్తెలో మాత్రం పైన నీళ్ళు సలసలా కాగుతుంటాయి, ముట్టుకునే వాళ్ళుండరు. ఆ డబ్బు కరెంటు తయారుచేసే సోలార్ ప్యానెళ్ళకి పెట్టు. కేంద్రం పథకం పీఎం సూర్య ఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఉంది. మేలో ఆ ఎండ ఏసీకి పనికొస్తుంది.

కావలి_గృహిణి:
తమ్ముడూ, ఆ నాలుగు నెలల లెక్క మగవాళ్ళు వేసుకునే లెక్క. మా అత్తమ్మకి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఏప్రిల్‌లో కూడా గోరువెచ్చని నీళ్ళే పోసుకుంటారు, అదీ రెండు పూటలా. మా కోడలు పురిటికి వచ్చినప్పుడు పసిబిడ్డకి, బాలింతకి, ఉతుకుడు గుడ్డలకి రోజంతా వేడినీళ్ళే. జిడ్డు గిన్నెల సంగతి చెప్పనే లేదు. మాకు సోలార్ పెట్టి తొమ్మిదేళ్ళు. ముసురులో ఏడాదికి పది పన్నెండు రోజులు కాయిల్ వేసి ఉంటాం, అంతే. స్విచ్ వేశామా, ఆపామా అన్న టెన్షన్ లేకపోవడం పెద్ద సుఖం. ఇంట్లో ముసలివాళ్ళున్నారని ఆయన రాశారు కదా, వాళ్ళని వదిలేసి లెక్క వేస్తే ఎట్లా?

పొదిలి_మాస్టారు:
ఇద్దరూ నీళ్ళ సంగతి వదిలేశారు. మా గీజర్ మూడో ఏడు కాయిల్ పోయింది. మెకానిక్ విప్పి నా చేతిలో పెడితే లోహం కనిపించలేదు. చుట్టూ కోడిగుడ్డు పెంకులు అతికించినట్టు తెల్లగా, వేలు మందాన సున్నం. గోరుతో గీకితే పెచ్చులుగా ఊడింది. ట్యాంకు అడుగు నుంచి రెండు దోసిళ్ళు తీశాం.

బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి సున్నపురాయి పదార్థంగా పేరుకుంటుంది. ఎంత వేడి చేస్తే అంత ఎక్కువ. అందుకే గీజర్‌లో వేడి ఎంతుండాలో పెట్టే థర్మోస్టాట్ 75 డిగ్రీల్లో ఉంచకుండా 50–55 దగ్గర పెట్టాలి. టీడీఎస్ 1400 అన్న ఒక్క అంకెతో ఏమీ తేలదు బాబూ. అందులో మామూలు ఉప్పెంత, సున్నమెంత? హార్డ్‌నెస్, అంటే ఆ సున్నం పాలు, విడిగా పరీక్ష చేయించండి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ గురించి భయపడుతుంటారు, అది తాగే నీటి సమస్య, గీజర్‌కి సున్నం పట్టేది దానివల్ల కాదు.

సోలారే పెడితే రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ వద్దు. సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. గాజు గొట్టాలదైతే ఊడదీసి కడగొచ్చు. అన్నిటికంటే మంచిది, మున్సిపల్ కుళాయి నీళ్ళకి పైన 500 లీటర్ల చిన్న ట్యాంకు విడిగా పెట్టి, హీటర్‌కి ఆ లైనే ఇవ్వండి.

వేదాయపాలెం_నెల్లూరు:
అక్కా, పెద్దవాళ్ళ విషయం నేను వదిలేసింది నిజమే. కానీ అక్కడే ఇంకోటుంది. ట్యాంకు డాబా మీద, అమ్మావాళ్ళ బాత్రూము కింద. ముప్పావు అంగుళం పైపులో మీటరుకి పావు లీటరు నీళ్ళుంటాయి. 15 మీటర్లంటే దాదాపు నాలుగు లీటర్ల చన్నీళ్ళు వదిలితేగానీ వేడివి రావు. పొద్దున్నే నాన్నగారు కుళాయి తిప్పి నిలబడాలి. కింద బాత్రూములోనే 15 లీటర్ల గీజర్ ఉంటే తిప్పగానే వస్తాయి.

కావలి_గృహిణి:
నాలుగు లీటర్లు బకెట్‌లో పట్టి వాడుకుంటాం తమ్ముడూ, పారబొయ్యం.

వైరింగ్_బాబాయ్:
ఏది పెట్టినా వైరింగ్ ఇప్పుడే చూసుకో అబ్బాయ్. గీజర్ పాయింట్‌కి 4 స్క్వేర్ ఎంఎం వైరు బోర్డు నుంచి నేరుగా రావాలి, దారిలో ఇంకో పాయింట్‌కి కలపొద్దు. 16 యాంప్స్ సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), ఇంటికి 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). ఎర్తింగ్ గుంత సరిగ్గా తీయించు, తడి ఒంటితో పట్టుకునే కుళాయి అది.

కొనేటప్పుడు స్టార్ గుర్తు కింద చిన్న అక్షరాల్లో 24 గంటల్లో ఎన్ని యూనిట్ల వేడి పోతుందో రాసి ఉంటుంది, అది చదువు. కొంచెం కొంచెం వాడేచోట, వంటింట్లో, మూడు లీటర్ల ఇన్‌స్టంట్ సరిపోతుంది. 3 కిలోవాట్లదైతే చలికాలం బకెట్ నిండటానికి ఏడు నిమిషాలు. గ్యాస్ గీజర్ మాత్రం బాత్రూములో పెట్టొద్దు. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్‌కి ప్రాణాలు పోతాయి. దానికి వాసన కూడా ఉండదు.

ఒంగోలు_కొత్తిల్లు:
అందరికీ దండాలు. అమ్మని అడిగాను, ఎండాకాలం కూడా పొద్దుట పూట వేన్నీళ్ళే కావాలంది. నేనెప్పుడూ గమనించలేదు. అయినా తిప్పగానే రావాలని కింద 15 లీటర్ల గీజర్, పైన ఇంకొకటి పెడుతున్నాం. డాబా ఖాళీగా ఉంచి ప్యానెళ్ళకి అప్లై చేస్తాం. మాస్టారు చెప్పిన చిన్న ట్యాంకుకి ప్లంబర్ ఒప్పుకున్నాడు. కావలి అక్క మాట కూడా తీసేయలేదు, డాబా నుంచి రెండు బాత్రూములకీ వేడినీళ్ళ పైపు ఇప్పుడే గోడలో వేయించి మూత బిగించి ఉంచుతున్నాం. నీళ్ళ శాంపిల్ రేపు పరీక్షకి ఇస్తున్నా, హార్డ్‌నెస్ ఎంతొచ్చిందో ఇక్కడే పెడతాను.