ప్రోబ్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో పెట్టాలా, వోల్టేజ్ చూసి పెట్టాలా?

కొత్త_ఇన్‌స్ట్రుమెంట్
అందరికీ నమస్కారం. మా కంప్రెసర్ షట్‌డౌన్‌లో ఉంది. షాఫ్ట్ ఊగడం చూసే వైబ్రేషన్ ప్రోబ్‌లు, షాఫ్ట్ పొడవు వెంట జరగడం చూసే థ్రస్ట్ ప్రోబ్‌లు అన్నీ తీసేశాం, ఇప్పుడు మళ్లీ బిగించాలి. 8 మి.మీ. ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌లు (షాఫ్ట్‌ని తాకకుండా దాని దూరాన్ని, అంటే గ్యాప్‌ని, వోల్టేజ్‌గా చూపించేవి), ప్రోబ్, కేబుల్ కలిపి 5 మీటర్ల సిస్టమ్. మెకానికల్ ఫోర్‌మన్ గారు ఫీలర్ గేజ్ (మందం తెలిసిన పల్చటి బ్లేడు) పెట్టి 1.25 మి.మీ. చూసి బిగించమంటున్నారు. మా సీనియర్ ఫీలర్ దగ్గరికే రానివ్వొద్దు, మల్టీమీటర్‌లో మైనస్ 10 వోల్టులు రాగానే లాక్ నట్ వేసెయ్ అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. మీ దగ్గర ఎలా చేస్తారు?

మైనస్_పది
మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్. రాక్‌కి (రీడింగ్ చూపించే మానిటర్‌కి) వెళ్లేది వోల్టేజ్, మిల్లీమీటర్లు కాదు. ఆ సిస్టమ్ పనిచేసే పరిధి సుమారు 2 మి.మీ., దానికి మధ్యలో కూర్చోబెట్టాలంటే మైనస్ 9, మైనస్ 10 దగ్గర పెట్టాలి. ఫీలర్‌తో చూస్తే షాఫ్ట్ వంపు మీద బ్లేడు సరిగ్గా ఆనదు, పైగా టిప్ మీద గీతలు పడతాయి. మల్టీమీటర్ చేతిలో పెట్టుకుని ఫీలర్ ఎందుకు?

పాత_ఫిట్టర్
ఎందుకో చెప్తాను. ప్రోబ్ టిప్ హోల్డర్ రంధ్రం లోపలే ఉండగా చుట్టూ ఉన్న లోహాన్ని చూసి మైనస్ 10 చూపిస్తుంది. షాఫ్ట్ ఇంకా ఎక్కడో ఉంటుంది. మల్టీమీటర్ వాడు సంతోషంగా నట్ బిగించి వెళ్లిపోతాడు. మిషన్ ఎక్కాక వైబ్రేషన్ సున్నాకి దగ్గరగా ఉంటుంది, అందరూ మిషన్ బాగుందనుకుంటారు. అది బాగుండటం కాదు, ప్రోబ్ షాఫ్ట్‌ని చూడకపోవడం. ఫీలర్ పెట్టి చూస్తే ఇది ఆ నిమిషంలోనే దొరుకుతుంది.

మైనస్_పది
ఆ తప్పు గ్యాప్ సంగతి మాకూ తెలుసు. అందుకే వోల్టేజ్ ఒక్కసారి చూసి ఆపం, తిప్పుతున్నంత సేపూ అది ఎటు నడుస్తోందో చూస్తాం. టిప్ రంధ్రం దాటి ఖాళీలోకి వస్తే మైనస్ 20 పైకి వెళ్లాలి, అక్కడి నుంచి షాఫ్ట్ దగ్గరయ్యే కొద్దీ వరసగా తగ్గుతూ రావాలి. ఈ దారి చూడనివాడు తప్పు పెడతాడు, నిజమే. దానికి మీటర్ ఏం చేసింది?

పాత_ఫిట్టర్
తిప్పుతున్నంత సేపూ ఎలా చూస్తావు? ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించి ప్రోబ్ తిప్పితే కేబుల్ మెలికపడుతుంది. కనెక్టర్ విప్పి తిప్పాలి, మళ్లీ కలిపి చూడాలి. అంటే నువ్వు చూసేది ఆగి ఆగి, మధ్యలో ఏం జరిగిందో నీకు కనపడదు. ఫీలర్‌కి ఈ బాధ లేదు.

మైనస్_పది
పావు చుట్టు తిప్పి, కలిపి, చూసి, మళ్లీ విప్పి. అంతే కదా. ఓపిక ఉన్నవాడు చేస్తాడు.

లూప్_చెక్
నాకు మీ ఇద్దరి వాదనా సగమే అనిపిస్తోంది. మైనస్ 10 వచ్చిందంటే ఆ ఒక్క చోట మైనస్ 10 వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. 5 మీటర్ల ప్రోబ్, కేబుల్‌కి పొరపాటున 9 మీటర్ల ప్రాక్సిమిటర్ (ప్రోబ్ సిగ్నల్‌ని వోల్టేజ్‌గా మార్చే పెట్టె) తగిలించినా ఎక్కడో ఒక గ్యాప్ దగ్గర మైనస్ 10 వస్తుంది. కానీ మిల్లీమీటరుకి 7.87 వోల్టులు రావాల్సిన స్లోప్ మాత్రం రాదు. షాఫ్ట్ లోహం మారినా ఇదే కథ, సాధారణంగా ఈ ప్రోబ్‌ల క్యాలిబ్రేషన్ 4140 స్టీల్‌కి చేసి వస్తుంది, స్టెయిన్‌లెస్ షాఫ్ట్ మీద పెడితే లెక్క తప్పుతుంది. ఫీలర్‌కి అసలు ఎలక్ట్రానిక్స్ గురించి తెలియనే తెలియదు. ప్రోబ్, కేబుల్, ప్రాక్సిమిటర్ మూడూ కలిపి మైక్రోమీటర్ ఉన్న క్యాలిబ్రేటర్ మీద పెట్టి, 0.25 మి.మీ. అడుగులతో వోల్టేజ్ రాసుకుని గీత వేయండి. ఏపీఐ 670 (ఇలాంటి మానిటరింగ్‌కి ఉన్న ప్రమాణం) ప్రకారం స్లోప్ 5 శాతం తేడా లోపల ఉండాలి. ఆ కాగితం చేతిలో ఉంటే గ్యాప్ దేనితో పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

వాల్వ్_మనిషి
మా వైపు అంతా ఎల్‌వీడీటీలే (కోర్ రాడ్డు ఎంత జరిగిందో చెప్పే సెన్సర్లు). గ్యాప్ గొడవ లేదు కానీ కోర్ రాడ్డు నిటారుగా లేకపోతే అరిగి విరుగుతుంది. రాడ్డు బిగింపు ముందు చూసుకోండి.

మైనస్_పది
లూప్_చెక్ గారు, షట్‌డౌన్‌లో ప్రతి లూప్‌కీ గీత వేసే టైమ్ ఎవరిస్తారు? ప్రోబ్‌లు మా చేతికి వచ్చేది కవర్ వేసే ముందు రోజు. అయినా ఇక్కడ ప్రశ్న గ్యాప్ గురించి. లాక్ నట్ బిగించేటప్పుడు ప్రోబ్ కొంచెం కదులుతుంది, ఫీలర్‌తో పెట్టినవాడికి అది తెలియదు, మీటర్ పెట్టినవాడికి తెలుస్తుంది. ఈ ఒక్క మాటకి పాత_ఫిట్టర్ గారు జవాబు చెప్పాలి.

పాత_ఫిట్టర్
నట్ బిగించాక మళ్లీ ఫీలర్ పెడతాం. జవాబు అయిందా?

మైనస్_పది
కాలేదు. థ్రస్ట్ ప్రోబ్ దగ్గర ఫీలర్ దూరే చోటే ఉండదు చాలా మిషన్లలో.

పాత_ఫిట్టర్
దూరే చోట ఉన్నప్పుడైనా పెట్టరు కదా మీరు. మా మిషన్‌లో ఒకసారి ఇలాగే మీటర్ చూసి పెట్టారు. కవర్ వేశాం, మిషన్ ఎక్కింది, రీడింగ్ పిచ్చిగా ఉందని మళ్లీ దింపారు. తెరిచి చూస్తే ప్రోబ్ టిప్ అరిగిపోయి ఉంది, జర్నల్ (బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగం) మీద చుట్టూ గీత. జర్నల్ మళ్లీ సానబట్టాల్సి వచ్చింది. రిపోర్టులో ఏం రాశారో తెలుసా? బేరింగ్ అలైన్‌మెంట్ సరిగా లేదని. బేరింగ్ కట్టింది మేము, కాబట్టి తప్పు మాది. ప్రోబ్ ఎవరు బిగించారో ఎవరూ అడగలేదు.

స్లో_రోల్
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. షాఫ్ట్ ఆగి ఉన్నప్పుడు బేరింగ్ అడుగున కూర్చుని ఉంటుంది, తిరిగేటప్పుడు ఆయిల్ మీద లేస్తుంది. పైన 45 డిగ్రీల్లో ఉన్న ప్రోబ్‌లకి గ్యాప్ తగ్గుతుంది. ఆగి ఉన్నప్పుడు పెట్టిన వోల్టేజ్, తిరుగుతున్నప్పటి వోల్టేజ్ రెండూ రాసి ఉంచండి. అలాగే ప్రోబ్ చూసే పట్టీ మీద రనౌట్ (షాఫ్ట్ నెమ్మదిగా తిరిగినా ప్రోబ్‌కి కనపడే తేడా) కూడా చూడండి, ఒప్పుకునే వైబ్రేషన్‌లో 25 శాతం, లేదా 6 మైక్రాన్లు, ఏది ఎక్కువైతే అది దాటకూడదు.

మైనస్_పది
మీకు రిపోర్టులో ఒక లైను రాశారని బాధ. నా కథ వినండి. ఓవర్‌హాల్ అయింది, నేను థ్రస్ట్ ప్రోబ్ పెట్టి సున్నా సరిచేసి సంతకం పెట్టి వచ్చాను. ఆ రాత్రి మెకానికల్ వాళ్లు ఫ్లోట్ (రోటర్ పొడవు వెంట అటూ ఇటూ జరిగే దూరం) ఎక్కువుందని థ్రస్ట్ ప్యాడ్ వెనక షిమ్ (పల్చటి రేకు) మార్చారు. నాకు చెప్పలేదు. కాలర్ (షాఫ్ట్ మీది థ్రస్ట్ పళ్లెం) జరిగింది, నా సున్నా జరగలేదు. స్టార్టప్‌లో థ్రస్ట్ హై, ట్రిప్. అందరూ నా వైపు చూశారు, "ఇన్‌స్ట్రుమెంట్ ఫాల్ట్" అని లాగ్‌బుక్‌లో రాశారు, మెమో కూడా వచ్చింది. అప్పటి నుంచి నేను ఎవరి ఫీలర్ మాటా నమ్మను, నా మీటర్‌లో చూసిందే నమ్ముతాను. తప్పేముంది?

పాత_ఫిట్టర్
షిమ్ మార్చేటప్పుడు పిలిస్తే వస్తారా మీరు? రాత్రి పిలిస్తే "ప్రోబ్ పెట్టేటప్పుడు చెప్పండి" అంటారు. మేం రోటర్‌ని అటూ ఇటూ తోసి డయల్ పెట్టి ఫ్లోట్ చూస్తుంటే మీ డిపార్ట్‌మెంట్ మనిషి ఒక్కడు కూడా పక్కన ఉండడు. అన్నీ అయ్యాక వచ్చి, వోల్టేజ్ చూసి, మీ కాగితం మీద సంతకం పెట్టి వెళ్తారు.

మైనస్_పది
పిలవలేదు! ఒక్క ఫోన్ రాలేదు. ఫీలర్ గురించి మాట్లాడుతూ ఇంత దూరం తెచ్చారు కాబట్టి నేనూ సూటిగా అడుగుతాను. నేను సంతకం పెట్టాక బేరింగ్‌లో ఎవరు చెయ్యి పెట్టినా ఆ సంతకం చెల్లదని మీ వాళ్లు ఒప్పుకుంటారా?

పాత_ఫిట్టర్
ఒప్పుకుంటాం. మీరు లేకుండా కవర్ వెయ్యొద్దని మీ వాళ్లు రాసిస్తే. కవర్ ఆలస్యమైతే ఆ గంటలు ఎవరి లెక్కలో పడతాయి? మా లెక్కలోనే కదా. ప్లానింగ్ మీటింగ్‌లో నిలబడి తిట్లు తినేది నేను. అది చెప్పండి ముందు.

లూప్_చెక్
ఇప్పుడు వచ్చింది అసలు గొడవ. ఫీలర్, మీటర్ కాదు. కవర్ వేసే ముందు ఎవరి కోసం ఎవరు ఆగాలి అనేది.

అలాగైతే థ్రస్ట్ విషయంలో ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాల్సిన పని ఒకటి ఉంది, అదే పట్టుకోండి. రోటర్‌ని యాక్టివ్ వైపు (మామూలుగా థ్రస్ట్ బలం పడే వైపు) తోసినప్పుడు డయల్ రీడింగ్, వోల్టేజ్ రెండూ రాయండి. ఇనాక్టివ్ వైపు (దాని ఎదురు వైపు) తోసి మళ్లీ రాయండి. డయల్‌లో 0.30 మి.మీ. ఫ్లోట్ వస్తే వోల్టేజ్ సుమారు 2.36 మారాలి. మారితే స్లోప్ కూడా సరిగ్గా ఉన్నట్టే, తప్పు ప్రాక్సిమిటర్ తగిలించినా, షాఫ్ట్ లోహం వేరైనా ఇక్కడే బయటపడుతుంది. వోల్టేజ్ ఎటు వైపు పెరిగిందో కూడా రాయండి, రాక్‌లో దిశ తిరగేసి ఉంటే మిషన్ యాక్టివ్ వైపు అరుగుతున్నా స్క్రీన్ మీద ఎదురు దిక్కు చూపిస్తుంది. ఇది ఫిట్టర్ ఒక్కడూ చెయ్యలేడు, ఇన్‌స్ట్రుమెంట్ ఒక్కడూ చెయ్యలేడు.

పాత_ఫిట్టర్
ఇది బాగుంది. డయల్ మా దగ్గర ఉంటుంది, జాక్ మేమే పెడతాం. మనిషిని పంపండి చాలు.

మైనస్_పది
వస్తాం. కానీ షిమ్ మళ్లీ కదిలితే ఈ పని మళ్లీ మొదటి నుంచి. అది కాగితం మీద ఉండాలి.

కేబుల్_ట్రే
అన్నీ బాగా చేసి చివర్లో కనెక్టర్‌కి ఇన్సులేషన్ టేప్ చుట్టకండి. ఆయిల్‌లో ఆ జిగురు కరిగి కనెక్టర్ లోపలికి వెళ్తుంది. కనెక్టర్ లోహం కండ్యూట్‌కి తగలకూడదు, తగిలితే షీల్డ్‌కి రెండో చోట గ్రౌండ్ దొరికి రీడింగ్ ఎగురుతుంది. చాలా "ప్రోబ్ ఫాల్ట్"లు ఇవే.

కొత్త_ఇన్‌స్ట్రుమెంట్
అందరికీ థ్యాంక్స్. రేడియల్ (వైబ్రేషన్) ప్రోబ్‌లకి ముందు క్యాలిబ్రేటర్ మీద గీత వేస్తాను, తర్వాత ఆగి ఆగి తిప్పుతూ వోల్టేజ్ దారి చూసి పెడతాను, దూరే చోట ఫోర్‌మన్ గారినే ఫీలర్‌తో చూడమంటాను. థ్రస్ట్‌కి రోటర్ తోసేటప్పుడు ఇద్దరినీ పిలుస్తాను. ఆ రీడింగ్‌లు ఎవరి షీట్‌లో రాయాలి, మాదా, మెకానికల్ వాళ్లదా?

మైనస్_పది
మన షీట్‌లోనే. వోల్టేజ్ కాలమ్ ఉన్నది దాంట్లోనే.

పాత_ఫిట్టర్
దాంట్లో షిమ్ మందం రాసే చోటు లేదు. మా షీట్ తీసుకో తమ్ముడూ, వోల్టేజ్‌కి ఒక కాలమ్ గీయి. కింద మూడు సంతకాలు పెట్టించు, నీది, మాది, షిఫ్ట్ ఇంచార్జ్‌ది.

మైనస్_పది
షిమ్ మారితే మళ్లీ సంతకం అని ఒక లైను కూడా రాయించు. అప్పుడు మీ షీటైనా ఫర్వాలేదు.