వానలో రోజూ తొక్కే రోడ్డు సైకిలుకు రిమ్ బ్రేకు చాలా, డిస్కు బ్రేకే కావాలా?

రెండుచక్రాలు

వారాంతంలో లాంగ్ రైడ్లకూ, వానాకాలమంతా పనికి పోయిరావడానికీ ఒకే రోడ్డు సైకిలు వాడాలంటే ఏ బ్రేకు మేలు? ఒక పక్క అల్యూమినియం రిమ్ములు, డ్యూయల్ పివట్ కాలిపర్లు (రెండు కీళ్ళ మీద తిరిగే బ్రేకు చేతులు) ఉన్న రిమ్ బ్రేకు సైకిలు, అంటే రబ్బరు ప్యాడ్లు చక్రం అంచునే నొక్కేది. ఇంకో పక్క డిస్కు బ్రేకు సైకిలు, అంటే చక్రం నడిమిన ఉండే లోహపు పళ్ళేన్ని (రోటరును) ప్యాడ్లు నొక్కేది. "తడిస్తే రిమ్ బ్రేకు పట్టదు" అని కొందరు, "డిస్కు పెట్టుకుంటే రోజూ రిపేరే" అని కొందరు అంటున్నారు. ఏది ఎందుకు పట్టదో, ఏది ఎక్కడ పాడవుతుందో వివరంగా చెప్పండి. ఏ కంపెనీ గొప్పదన్న వాదన వద్దు.

పానాపట్టకారు

రిమ్ బ్రేకు చాలు. తడిలో పట్టదన్న పేరు స్టీలు రిమ్ముల కాలంలో వచ్చింది. క్రోము పూత పూసిన స్టీలు రిమ్ము తడిస్తే నిజంగానే జారుతుంది. కార్బన్ రిమ్ముల్లోనూ చాలావాటికి తడిలో పట్టు తక్కువే. అల్యూమినియం రిమ్ముకు, వాన కోసం చేసిన మెత్తటి రబ్బరు ప్యాడ్లు తోడైతే సంగతి వేరు.

పట్టడం లేదనిపిస్తే ముందు ప్యాడు ముఖం చూడండి. చక్రం విప్పి ప్యాడును వెలుతురుకు తిప్పితే నల్లటి రబ్బరులో వెండిలా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి రిమ్ము నుంచి లేచిన అల్యూమినియం ముక్కలు. వాననీటితో వచ్చిన ఇసుక రిమ్మును గీకుతుంది, లేచిన ముక్క ప్యాడులో దిగబడుతుంది, అక్కణ్ణుంచి బ్రేకు నొక్కిన ప్రతిసారీ అదే రిమ్మును చెక్కుతుంది. గుండుసూది మొనతో ఒక్కొక్కటీ పెకలించండి. తర్వాత 120 నంబరు ఎమరీ పేపరును బల్లమీద పరిచి, గాజులా నునుపెక్కిన ఆ ముఖాన్ని నాలుగైదుసార్లు రుద్దండి. మెరుపు పోయి గరుకు రబ్బరు బయటపడాలి. రిమ్మును స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లబడటం ఆగేదాకా తుడవాలి.

ప్యాడు బిగించేటప్పుడు పై అంచు రిమ్ము అంచుకు 1 మి.మీ. కిందే ఉండాలి. టైరుకు తగిలితే పక్కగోడ కోసుకుపోతుంది. ప్యాడు వెనక కొస కింద విజిటింగ్ కార్డు ముక్క పెట్టి, లివరు నొక్కిపట్టి బిగిస్తే ముందు కొస మొదట తాకుతుంది, కీచుమనదు.

ఇక కేబుల్. అవుటరులోకి (తీగ మీది తొడుగులోకి) నీళ్ళు దిగి తుప్పు పడితే లివరు బరువెక్కుతుంది, వదిలాక ప్యాడు వెనక్కి రాదు. వానాకాలం ముందు లోపలి తీగా అవుటరూ రెండూ మార్చేయండి. ఒక్క జాగ్రత్త: గేరు అవుటరును ఎప్పుడూ బ్రేకుకు వాడొద్దు. దాని తీగలు నిలువుగా పేర్చి ఉంటాయి, గట్టిగా బ్రేకు పడితే పైపొర చీల్చుకుని బయటికొస్తాయి. బ్రేకు అవుటరులో తీగ చుట్టలుగా ఉంటుంది, మందం 5 మి.మీ.

ఇంత చేస్తే ఆగుతుంది. అలెన్ కీల సెట్టు ఒకటి ఉంటే చాలు, రోడ్డు పక్కనే సరిచేసుకోవచ్చు.

తడిరోడ్డు

పానాపట్టకారు గారూ, మీరు చెప్పిన సర్వీసు అంతా చేసినా అసలు సమస్య అలాగే ఉంటుంది. ప్యాడు ముందు నీటిపొరను తుడవాలి, ఆ తర్వాతే పట్టు. 28 మి.మీ. టైరున్న చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది. తుడవడానికి రెండు చుట్లు పట్టిందనుకోండి, 4.2 మీటర్లు. గంటకు 25 కి.మీ. అంటే సెకనుకు 6.9 మీటర్లు. అంటే 0.6 సెకను సేపు లివరు నొక్కే ఉంది, వేగం మాత్రం పెద్దగా తగ్గలేదు. ఒక చిన్నకారు పొడవంత దూరం అలా పోయింది.

డిస్కు తడవదని కాదు. అది నేలకు ఎత్తుగా ఉంటుంది, మడుగులో మునగదు. ప్యాడు గట్టిది, చిన్నది. ఒత్తిడంతా ఆ చిన్న చోటే పడి నీటిపొరను వెంటనే నెట్టేస్తుంది. హైడ్రాలిక్ (కేబుల్‌కు బదులు ద్రవంతో పనిచేసేది) అయితే వేళ్ళు చల్లబడి మొద్దుబారినా ఒక్క వేలితో నొక్కొచ్చు. తడి చేతి తొడుగులతో గంటసేపు తొక్కేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. 2018 జులై 1 నుంచి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) కూడా రోడ్డు రేసుల్లో డిస్కులకు పూర్తి అనుమతి ఇచ్చేసింది.

పానాపట్టకారు

రేసుల సంగతి ఇక్కడికి తేవద్దు. అక్కడ ప్రతి సాయంత్రం మెకానిక్ కడిగి, ప్యాడ్లు మార్చి ఇస్తాడు. రోజూ పనికి పోయేవాడి సైకిలు రాత్రంతా తడిగానే నిలబడుతుంది.

మీ లెక్క సరైనదే, కానీ రిమ్మును ముందే తుడిచి ఉంచుకోవచ్చుగా. కూడలికి 30 మీటర్ల ముందు నుంచి లివర్లను ఊరికే తాకించి ఉంచితే నీరు పోతుంది, నొక్కగానే పడుతుంది. తడిరోడ్డు మీద ఎలాగూ ముందుచూపుతోనే తొక్కాలి.

తడిరోడ్డు

కూడలి ఎక్కడుందో ముందే తెలుస్తుంది. ఆగివున్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. బ్రేకు అక్కర ఎక్కువ పడేది రెండోచోటే.

సన్నటైరు

ఇద్దరూ టైరును వదిలేశారు. చక్రం జారడం మొదలయ్యాక ఏ బ్రేకైనా ఒకటే. పొడి రోడ్డు మీద టైరు పట్టు బాగుంటే, తిరగబడకుండా బ్రేకు పట్టగలిగేది వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గేదాకా. ఆ లెక్కన గంటకు 25 కి.మీ. నుంచి ఐదు మీటర్లలో ఆగొచ్చు. తడిలో ఆ పట్టు బాగా పడిపోతుంది. రోడ్డు మీది తెల్లగీతలు, ఇనుప మూతలు, పట్టాల మీద అయితే చెప్పనే అక్కర్లేదు. వాటిని నిటారుగా దాటాలి, వాటి మీద ఉండగా బ్రేకూ వద్దు, మలుపూ వద్దు.

అందుకే 23, 25 వదిలి 28 లేదా 32 మి.మీ. టైరుకు పోండి. వానలో మామూలు గాలి కంటే 5 నుంచి 8 పీఎస్‌ఐ తగ్గించండి, అంతకు మించి వద్దు. గాలి మరీ తక్కువైతే గుంత అంచున ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. టైరు మీద గాడులు లోతుగా ఉంటే పట్టు ఎక్కువనుకోవడం పొరపాటు. తారు రోడ్డు మీద సైకిలు టైరు కారు టైరులా నీటి మీద తేలదు, దాని ఆనుడు సన్నంగా, గుండ్రంగా ఉండి నీటిని పక్కకు తోసేస్తుంది. పట్టు రబ్బరు మిశ్రమం నుంచి వస్తుంది.

తడిలో పంక్చర్లు పెరగడానికి కారణం కూడా ఇదే చోట చెప్పేస్తాను: తడిసిన గాజుపెంకు రబ్బరులోకి సులువుగా దిగుతుంది, పైగా రేణువులు టైరుకు అంటుకుని చుట్టు చుట్టుకూ లోపలికి నొక్కుకుంటాయి. ఇల్లు చేరగానే టైరును చేత్తో తిప్పుతూ తుడిచి, గుచ్చుకున్నవి తీసేయాలి.

చువ్వ

డిస్కు అనగానే అందరూ హైడ్రాలిక్ గురించే మాట్లాడుతున్నారు. కొత్తవాళ్ళ చేతికి వచ్చేది ఎక్కువగా కేబుల్ డిస్కు. దాని గురించి చెప్పకపోతే అన్యాయం.

కేబుల్ డిస్కులో చాలావాటికి ఒకవైపు ప్యాడు మాత్రమే కదులుతుంది. అది రోటరును వంచి రెండో ప్యాడుకు ఆనిస్తుంది. అందుకని కదలని లోపలి ప్యాడు రోటరుకు వీలైనంత దగ్గరగా, రాసుకోకుండా ఉండాలి. ప్యాడ్లు వాటంతటవి ముందుకు జరగవు. అరిగేకొద్దీ లివరు హ్యాండిలుకు దగ్గరవుతుంది. అప్పుడు అందరూ చేసే పని కేబుల్ లాగి బిగించడం. అదే తప్పు. కేబుల్‌తోనే సరిచేస్తూ పోతే కాలిపర్ చెయ్యి ముందే సగం తిరిగి ఉంటుంది. ఇక తిరగడానికి చోటు మిగలదు, ఒకరోజు లివరు మొత్తం నొక్కినా ప్యాడు ఆనదు. లోపలి ప్యాడును దాని మరతోనే జరపాలి. బయటి ప్యాడుకూ మర ఉంటే దాన్నీ అలాగే. కేబుల్ అడ్జస్టరు చివరి సన్నపాటి సర్దుబాటుకే.

ఇసుక కలిసిన వానలో ఒక్క పొడవైన రైడుకే ప్యాడ్లు బాగా అరగొచ్చు. వారానికోసారి లివరు ఎంత దూరం వస్తోందో చూసుకోలేనివాళ్ళు కేబుల్ డిస్కు కంటే మంచి రిమ్ బ్రేకు పెట్టుకోవడమే నయం అని నా అభిప్రాయం.

పానాపట్టకారు

చువ్వ గారు చెప్పింది నిజం. నూనె సంగతి కూడా కలపండి. చైనుకు స్ప్రే కొడితే తుంపర రోటరు మీద పడుతుంది, ప్యాడ్లు పీల్చుకుంటాయి, బ్రేకు అరుస్తుంది, పట్టదు. రిమ్ముకు నూనె అంటితే స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. డిస్కు ప్యాడు ఒకసారి నూనె పీల్చిందంటే మార్చడమే.

తడిరోడ్డు

స్ప్రే వాడకూడదంతే. సీసాతో ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేయండి, పెడలు వెనక్కి తిప్పండి, పది నిమిషాలాగి పైన మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడవండి. నూనె పని చేసేది రోలరు లోపల, బయట మిగిలినది ఇసుకను పట్టుకుని చైనును అరగదీస్తుంది. ఇది రిమ్ బ్రేకు సైకిలుకైనా ఇంతే.

అరుగుదల అన్నారు కాబట్టి, అరిగేదేమిటో కూడా చూడాలి. రిమ్ బ్రేకులో అరిగేది చక్రమే. రిమ్ము పక్కగోడ మీద చుట్టూ సన్నటి గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటుంది. అది కనపడకుండా పోతే రిమ్ము అయిపోయినట్టు. గుర్తు లేకపోతే స్టీలు స్కేలు అంచును బ్రేకు ఆనే పట్టీ మీద నిలువుగా ఆనించి వెలుతురు వైపు చూడండి. మధ్యలో గుంటగా సందు కనిపిస్తే గోడ పల్చబడింది. పల్చబడ్డ గోడను లోపలి నుంచి టైరు గాలి నెడుతూనే ఉంటుంది, ఒకరోజు పగులుతుంది. అప్పటికి హబ్బు, చువ్వలు బాగానే ఉన్నా చక్రం మొత్తం విప్పి కొత్త రిమ్ము అల్లుకోవాలి.

డిస్కులో అరిగేది రోటరు. షిమానో రోటరు కొత్తగా 1.8 మి.మీ., 1.5కి దిగితే మార్చాలి, ఆ అంకె రోటరు మీదే చెక్కి ఉంటుంది. ఆరు బోల్టులో, ఒక లాక్‌రింగో విప్పితే పని అయిపోయింది. ప్యాడ్లు వెనక రేకు వదిలి 0.5 మి.మీ. మిగిలితే తీసేయండి. రేకు రోటరుకు తగిలిందంటే రోటరు కూడా పోతుంది.

రెండుచక్రాలు

ఇప్పుడున్న రిమ్ బ్రేకు సైకిలుకే ముందు చక్రం వరకు డిస్కు పెట్టుకోవచ్చా? రెండో సంగతి, మడ్‌గార్డులు. వానలో అవి లేకుండా కుదరదు కదా.

చువ్వ

అతుకులతో పెట్టొద్దు. రిమ్ బ్రేకు ఫోర్కు మీద బలం పై భాగంలో, రెండు కాళ్ళకూ సమానంగా పడేలా తయారవుతుంది. డిస్కు బలం ఎడమ కాలి కింది కొసన పడుతుంది. కాలిపర్ బిగించే చోటు లేని ఫోర్కుకు బిగింపు పట్టీలతో తగిలిస్తే ఆ కాలు అంత బలం తట్టుకోదు. డిస్కు కావాలంటే డిస్కు ఫోర్కు, డిస్కు హబ్బు, సరిపడే లివరు అన్నీ మార్చాలి. ఆ ఖర్చుకు, శ్రమకు సైకిలు మార్చడమే నయం.

మడ్‌గార్డుల విషయంలో మాత్రం నేను పూర్తిగా డిస్కు పక్షం. మామూలు రోడ్డు కాలిపర్ అందుబాటు, అంటే బిగించే బోల్టు నుంచి ప్యాడు దాకా దూరం, 39–49 మి.మీ. 28 మి.మీ. టైరు పెట్టాక దాని కింద మడ్‌గార్డుకు చోటుండదు, పెట్టినా టైరుకు రాసుకుంటూ బురద పట్టేస్తుంది. 47–57 మి.మీ. పొడుగు కాలిపర్లకు తగ్గ ఫ్రేము అయితే ఇబ్బంది లేదు. డిస్కు ఫ్రేముల్లో కాలిపర్ అడ్డమే రాదు కాబట్టి చాలావాటిలో 32 మి.మీ. టైరు, పైన పూర్తి మడ్‌గార్డు పడతాయి. ముందు మడ్‌గార్డు చివర రబ్బరు పట్టా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు దాకా వేలాడాలి. లేకపోతే నీళ్ళన్నీ బూట్ల మీదికీ, చైను మీదికీ వస్తాయి.

పానాపట్టకారు

మడ్‌గార్డుల వాదన ఒప్పుకుంటున్నాను, అది కొత్తగా కొనేవాళ్ళకు. ఇప్పటికే మంచి రిమ్ బ్రేకు సైకిలు ఉన్నవాళ్ళు దాన్ని పక్కన పడేయనక్కర్లేదు. వానకు విడిగా ఒక జత చౌక చక్రాలు పెట్టుకుని, వాటి రిమ్ములు అరిగేదాకా వాడుకోవచ్చు. మంచి చక్రాలు వారాంతానికి మిగులుతాయి. రెండు జతల రిమ్ము వెడల్పు ఒకటే ఉండేలా చూసుకుంటే కేబుల్ కదిలించే పనే ఉండదు.

రెండుచక్రాలు

చివరిగా ఒకటి. కొత్త డిస్కు ప్యాడ్లు వేశాక తడిలో గట్టిగా అరుస్తున్నాయన్న ఫిర్యాదు చాలామందిది. నూనె అంటకపోయినా ఎందుకలా? రెసిన్ ప్యాడ్లా, మెటల్ ప్యాడ్లా?

తడిరోడ్డు

ఎక్కువసార్లు కారణం ప్యాడ్లను అలవాటు చేయకపోవడం. పొడి రోజున, ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి గట్టిగా తగ్గించండి, చక్రం జారకూడదు, పూర్తిగా ఆగకూడదు. ఇలా ఇరవైసార్లు ముందు బ్రేకు, ఇరవైసార్లు వెనక బ్రేకు. ప్యాడు పదార్థం పల్చటి పొరలా రోటరుకు ఎక్కుతుంది, పట్టు అప్పుడు వస్తుంది. కొత్త ప్యాడ్లతో నేరుగా వానలోకి పోతే ఆ పొర ఏర్పడదు, ఇసుక ప్యాడు ముఖాన్ని గీకేస్తుంది.

ఆ తర్వాతా అరుస్తుంటే కాలిపర్ వంకరగా కూర్చుందేమో చూడండి. కాలిపర్ రెండు బోల్టులు వదులు చేసి, లివరు గట్టిగా నొక్కిపట్టి, మార్చి మార్చి కొంచెం కొంచెంగా 6–8 న్యూటన్ మీటర్లకు బిగించండి. ఒకటే ఒకేసారి బిగిస్తే కాలిపర్ తిరిగిపోతుంది. హైడ్రాలిక్ అయితే చక్రం విప్పి ఉన్నప్పుడు లివరు నొక్కకండి, ప్యాడ్లు దగ్గరికొచ్చి రోటరు దూరదు. విప్పిన వెంటనే మధ్యలో ప్లాస్టిక్ బిళ్ళ పెట్టేయండి. ద్రవం మార్చేటప్పుడు లివరు మీద రాసి ఉన్నదే పోయాలి: మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ ద్రవం (కార్లలో వాడే రకం బ్రేకు ద్రవం) పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడవుతాయి.

రెసిన్ ప్యాడు (జిగురు పదార్థంతో కలిపి చేసినది) పెద్దగా చప్పుడు లేకుండా మెత్తగా పడుతుంది, కానీ ఇసుక వానలో త్వరగా అరుగుతుంది. మెటల్ ప్యాడు (లోహపు పొడితో చేసినది) ఎక్కువకాలం వస్తుంది, తడిలో శబ్దం ఎక్కువ. రోజూ వానలో పోయేవాళ్ళకు మెటల్ నయం. కొనేముందు రోటరు మీద ఏం రాసి ఉందో చదవండి. కొన్ని రోటర్లు రెసిన్ ప్యాడ్లకు మాత్రమేనని వాటి మీదే ఉంటుంది. వాటికి మెటల్ ప్యాడ్లు వేస్తే రోటరు త్వరగా అరిగిపోతుంది. అలాంటి రోటరు ఉండి మెటల్‌కు మారాలంటే ప్యాడ్లతో పాటు రోటరు కూడా మార్చుకోండి.